అక్క కోయాలి, చెల్లెలు ఎంచుకోవాలి

ఆ ఇంట్లో కత్తి ఎప్పుడూ అక్క చేతికే వచ్చేది. అది తండ్రి పెట్టిన కట్టుబాటు. రైల్వేలో సిగ్నళ్ళు చూసుకొనే ఆ పెద్దమనిషి, ఒకనాడు డ్యూటీ దిగి వచ్చేసరికి ఇద్దరు కూతుళ్ళూ ఒక కేకు ముక్క కోసం జుట్టూ జుట్టూ పట్టుకొని ఉండటం చూశాడు. టోపీ తియ్యకుండానే తీర్పు చెప్పేశాడు.

"పెద్దది కోస్తుంది. చిన్నది ఎంచుకుంటుంది. ఇక ఈ ఇంట్లో ఎవరి ఏడుపూ నాకు వినపడకూడదు."

కోసేవారికి మోసం చేసే వీలుండదు, ఎంచుకొనేవారికి అలిగే హక్కుండదు. ఇంతకంటే న్యాయమైన చట్టం ఏ సభలోనూ పుట్టలేదని ఆయన చివరిదాకా నమ్మాడు. ఆ చట్టంలో చిల్లు ఉందన్న సంగతి మాత్రం పెద్దకూతురికి చిన్నప్పుడే తెలిసిపోయింది. ఎంత సమంగా కోసినా ఒక ముక్క మీద ఎండుద్రాక్ష ఒకటి ఎక్కువ ఉండనే ఉంటుంది. ఆ ముక్క చెల్లెలిది. అందుకని ఆమె ఇంకా సమంగా కోయడం నేర్చుకొన్నది. అలా నేర్చుకొని నేర్చుకొని, ఊళ్ళో పెద్ద బట్టలకొట్టులో కటింగ్ మాస్టరు అయింది. కోటు గుడ్డ మీద సుద్దగీత గీసి కత్తెర పెడితే రెండు చేతులూ కవలపిల్లల్లా వచ్చేవి. కొట్టులో అందరూ ఆమెను కత్తెరమ్మ అని పిలిచేవారు. కత్తెర బల్ల దగ్గర కుర్చీ ఉండదు; ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆమె నిలబడే ఉన్నది.

చెల్లెలు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. ఆమెను మాట్లాడకుండా కూర్చోమనడం, ఊపిరి పీల్చకుండా కూర్చోమనడం ఒకటే. ఇద్దరూ రిటైరయ్యాక, ఒకరికి పెళ్ళి కుదరకా మరొకరికి భర్త పోయీ, మళ్ళీ తండ్రి ఇంటికే చేరారు. అప్పుడు కూడా ఇంటిని సుద్దముక్కతో అక్కే రెండుగా గీసింది. చెల్లెలు ఉదయపుటెండ పడే గదిని ఎంచుకొన్నది. అక్కకు నీళ్ళపంపు మోత వినబడే గది మిగిలింది. చేతిలో కత్తి ఉన్నవారిదే అధికారమని లోకం అనుకుంటుంది. లోకం ఒకసారి కత్తి పట్టుకొని చూస్తే బాగుండును.

ఇలా ఉండగా తమ్ముడి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. ఓడలలో ఎలక్ట్రీషియనుగా తిరిగి తిరిగి, సముద్రానికి అవతలి ఒడ్డున స్థిరపడిన మనిషి. పెళ్ళి మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు, తల నెరిశాక ఒక పూలకొట్టు యజమానురాలిని పెళ్ళాడబోతున్నాడు.

"ఆఫీసులో సంతకాలు, అంతే. ఎవరో ఒకరు నా పక్కన నిలబడాలట," అన్నాడు. "మీరు రాకపోతే నేను సంతకం పెట్టను. ఆవిడకి ఆ మాట చెప్పేశాను కూడా."

"ఆవిడేమంది?" అని అడిగింది చెల్లెలు.

"అయితే త్వరగా పిలిపించు, పూలు వాడిపోతాయి అంది."

ఆ మాటతో మరదలు నచ్చేసింది. టికెట్ల వేట మొదలైంది. వెతికి వెతికి చెల్లెలు ఒక చవక విమానాన్ని పట్టింది. పొద్దున ఎక్కితే సాయంకాలానికి దింపుతుంది, సూర్యుడితోపాటే ప్రయాణం. ఆ కంపెనీ ధర్మం ఒక్కటే: టికెట్టు కొంటే కూర్చోవచ్చు. మంచినీళ్ళు, దుప్పటి, దిండు, భోజనం, కిటికీ, చేతిపెట్టె, ఏది కావాలన్నా విడిగా కొనుక్కోవాలి. అందరితోపాటు గాలిని మాత్రం ఉచితంగా పీల్చుకోవచ్చు.

"అక్కా, ఇది చూడు," అని చెల్లెలు ఫోను అందించింది. "వీళ్ళకి బిజినెస్ క్లాసు కూడా ఉందిట. ముందు వరసల్లో. సీటు మంచంలా పరుచుకుంటుందిట. కానీ అక్కడ కూడా ఏమీ ఇవ్వరు. ఒట్టి సీటే. అందుకే ధర దిగొచ్చింది. ఒక్కటంటే ఒక్కటి మిగిలింది."

ఫోనులో ఒక బొమ్మ. ఎవరో ఒకావిడ కాళ్ళు బారుగా చాపుకొని వెల్లకిలా పడుకొని ఉన్నది. కిటికీలోంచి ఎండ ఆమె ముఖం మీద పడుతున్నది. పట్టపగలు, ఎవరికీ జవాబు చెప్పుకోనక్కరలేని మనిషిలా, కళ్ళు మూసుకొని ఉన్నది.

అక్క ఆ బొమ్మను చాలాసేపు చూసింది. జ్వరం వస్తే తప్ప పగలు ఎన్నడూ నడుం వాల్చని మనిషి ఆమె. ఎండలో పడుకోవడమన్నది మనుషులు చేసే పనుల్లో ఒకటని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ సీటు తనకు కావాలి. అంతగా ఏదైనా కావాలనిపించడం ఆమెకు కొత్త. నోరు తెరిచి అడగడం మరీ కొత్త.

"ఒకటి ముందుది, ఒకటి వెనకది తీసుకుందాం," అన్నది చెల్లెలు. "సాయంత్రానికల్లా పోతుందిట. పేర్లు ఇప్పుడే కొట్టాలి. నువ్వు కోసెయ్యి, నేను ఎంచుకుంటాను."

అక్క వంటింటి బల్ల మీద రెండు సాసర్లు పెట్టి, బొత్తాల డబ్బా తెచ్చుకొన్నది. సమంగా కోస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు: అందరిలాగానే చెల్లెలు కూడా పడుకొనే సీటునే తీసుకుంటుంది. అందుకని, జీవితంలో మొదటిసారి, ఆమె వంకరగా కోయాలని నిర్ణయించుకొన్నది.

"ఇది పడుకొనే సీటు," అని పెద్ద కోటు బొత్తం ఒకటి ఎడమ సాసరులో వేసింది. "దీంతో ఇంకేమీ లేదు."

"సరే."

"ఇది వెనక సీటు." చిన్న చొక్కా బొత్తం కుడి సాసరులో పడింది. "దీంతో కిటికీ. రెండు భోజనాలు. చేతిపెట్టె."

"ఊఁ."

"దుప్పటి, దిండు."

"ఊఁ."

"ఇంకో దుప్పటి, ఇంకో దిండు."

"రెండు దుప్పట్లు ఏం చేసుకోవడానికి? గుడారం వేస్తారా?"

"కోసేటప్పుడు మాట్లాడకూడదు," అన్నది అక్క కఠినంగా. కుడి సాసరు నిండిపోతున్నది. అయినా ఆమెకు ధైర్యం చాలలేదు. డబ్బా అడుగున వెతికి, తండ్రి యూనిఫారం నుంచి తీసి దాచిన ఇత్తడి బొత్తం పైకి తీసింది. దాన్ని కూడా కుడి సాసరులోనే పెట్టింది. "ఇది పెళ్ళిలో తమ్ముడి పక్కన నిలబడే చోటు."

చెల్లెలి నోరు ఒక్క క్షణం మూతపడింది. అదే ఒక వింత.

"వాణ్ణి కూడా కోశావా అక్కా?"

"నిలబడేది ఒక్కరేగా."

చెల్లెలు కుడి సాసరు చూసింది, అక్క ముఖం చూసింది, మళ్ళీ సాసరు చూసింది. అటువైపు ఉన్నవన్నీ అక్కకు ప్రాణమనిపించింది. ఆమె చెయ్యి ఇత్తడి బొత్తం మీద ఒకసారి ఆగి, తర్వాత ఎడమవైపుకు వెళ్ళింది. కోటు బొత్తం తీసి పిడికిట్లో పెట్టుకొన్నది.

"నాకిది చాలు."

అక్క కుడి సాసరును చెల్లెలి వైపు ఇంకొంచెం జరిపింది. "బాగా ఆలోచించుకున్నావా?"

"ఎంచుకున్నాక మాట్లాడకూడదు. నాన్న రూలు," అని చెల్లెలు ఫోనులో పేర్లు కొట్టేసింది.

ప్రయాణం రోజున ముందు సీట్లవాళ్ళను ముందు ఎక్కించారు. తక్కినవాళ్ళు వాళ్ళ మధ్యనుంచే నడిచి వెనక్కి పోవాలి. ఎవరు ఏమి పోగొట్టుకొన్నారో కళ్ళారా చూసుకొంటూ వెళ్ళే ఏర్పాటు అది. చెల్లెలు వెడల్పాటి సీటులో, కాళ్ళు నేలకు అందక ఊపుకొంటూ కూర్చొని ఉన్నది. అక్క నడుస్తూనే సీటు కొలత కంటితో తీసుకొన్నది. తన పొడవుకు సరిగ్గా కుట్టించినట్టుంది. చెల్లెలికి మూరెడు వదులు.

"అక్కా, ఇక్కడ నాలుగు మీటలున్నాయి. ఏది నొక్కితే ఏమవుతుందో," అన్నది చెల్లెలు.

"ఏదీ నొక్కకు," అని అక్క ముందుకు సాగింది.

ఆమె సీటు బాగా వెనక, కిటికీ దగ్గర. మోకాళ్ళు ముందు సీటుకు తగులుతున్నాయి. ఒళ్ళో రెండు దుప్పట్లు, రెండు దిండ్లు. వాటి వెనక ఆమె ముఖం సగమే కనబడుతున్నది. పక్క సీటులో తెల్లమీసాల పశువుల డాక్టరు ఒకాయన కూర్చొని ఉన్నారు. విమానం ఇంకా నేల విడవకముందే ఆయన ఒక గేదె కాన్పు కథ అందుకొన్నారు.

"దూడ అడ్డం తిరిగిందమ్మా. అప్పుడు నేనేం చేశానంటారు?"

"తిప్పి ఉంటారు," అన్నది అక్క.

కథ మొత్తం రెండు మాటల్లో ముగిసిపోవడంతో ఆ డాక్టరు చిన్నబుచ్చుకొన్నారు.

మబ్బులు దాటాక తెర పక్కకు తొలగించుకొని ఎర్ర కోటు వేసుకొన్న ఎయిర్ హోస్టెస్ వచ్చింది.

"మేడమ్, ముందు సీటులో మీ చెల్లెలుగారు అడగమన్నారు. బాగున్నారా అని."

"బాగున్నానని చెప్పండి."

ఆమె వెళ్ళి, వెంటనే తిరిగి వచ్చింది. "ఆవిడకి చలేస్తోందట. దుప్పటి కొంటారా అని అడిగితే, ఎందుకూ, మా అక్క దగ్గర రెండున్నాయి అన్నారు. కానీ మేడమ్, దుప్పటి మీ సీటు నంబరు మీద కొన్నది. వేరే సీటుకి మార్చడం కుదరదు."

అక్క దిండ్ల వెనకనుంచి తలెత్తింది. "డబ్బు ఎవరిది?"

"మీదే."

"దుప్పటి ఎవరిది?"

"మీదే మేడమ్."

"నా దుప్పటి నా చెల్లెలి మీద కప్పడానికి మీ కంపెనీ అనుమతి కావాలా? అలా అని ఎక్కడైనా రాసి ఉంటే చూపించండి. లేకపోతే తీసుకెళ్ళండి."

ఎయిర్ హోస్టెస్ కాసేపు ఆలోచించి దుప్పటి తీసుకెళ్ళింది. తర్వాత దిండు వెళ్ళింది. భోజనాలు వచ్చాక వాటిలో ఒకటి వెళ్ళింది. అక్క కోసిన కుడి భాగంలోంచి ఒక్కొక్కటే నడుచుకొంటూ ఎడమ భాగంలోకి చేరుతున్నది. పడుకొనే సీటూ చెల్లెలిదే, దుప్పటీ చెల్లెలిదే. ఇదీ న్యాయం అనుకొన్నది అక్క. అయినా చెల్లెలు చలికి వణకడం ఆమె ఓర్వలేదు. ఆమె ఓర్వలేదన్న సంగతి ఆ న్యాయానికి ఎప్పుడూ తెలుసు.

ఎర్ర కోటు మళ్ళీ వచ్చింది. ఈసారి నవ్వు ఆపుకొంటున్నది.

"అక్కడ ఎవరూ మాట్లాడటం లేదట మేడమ్. అందరూ ఎవరి డబ్బాలో వాళ్ళు పడుకున్నారట. పక్కాయన్ని పలకరిస్తే చెవులకి ఏవో పెట్టేసుకున్నారట."

"పడుకోమనండి. దానికోసమే ఆ సీటు."

"నిద్ర రావడం లేదట. మీరు సంతోషంగా ఉన్నారా అని అడగమన్నారు. నిజం చెప్పమన్నారు."

"ఉన్నానని చెప్పండి."

"మీ ముఖం ఎలా ఉందో కూడా చూసి చెప్పమన్నారు."

"ఏం చెప్తారు?"

ఆ అమ్మాయి పరీక్షగా చూసింది. "మా స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్ ఉండేవారు మేడమ్. ఎవరూ ఇంకు ఒలకబొయ్యకముందే అలా ఉండేది ఆవిడ ముఖం."

పశువుల డాక్టరు కిసుక్కున నవ్వి, దగ్గుగా మార్చుకొన్నారు.

ఇక రాయబారాలు లేవు. కాసేపటికి తెర తోసుకొని చెల్లెలే వచ్చింది. భుజాల మీద దుప్పటి, చంకలో దిండు, చేతిలో మూత తియ్యని భోజనం ట్రే. ఇల్లు ఖాళీ చేసి వచ్చినట్టుంది.

"అక్కా, ఏంటా ముఖం? నీక్కావలసినవన్నీ నీ దగ్గరే ఉన్నాయిగా. కిటికీ ఉంది. వాడి పక్కన నిలబడే చోటు ఉంది. నీకు అది కావాలనే కదా నేను ఆ పాడు మంచం తీసుకున్నాను."

అక్క ఒళ్ళోని దిండును సర్దుకొన్నది.

"అటువైపు అంత కుమ్మరిస్తే, నీ మనసంతా అటే ఉందనుకున్నాను. ఆ ఇత్తడి బొత్తం మీద నాకు ఆశ లేదా? నీ మొహం చూసి వదిలేశాను."

"నువ్వు అది తీసుకుంటావనే అటు కుమ్మరించాను," అన్నది అక్క, కిటికీ వైపు తిరిగి.

దారిలో నిలబడ్డ చెల్లెలికి ఆ మాట అందడానికి కొంచెం సమయం పట్టింది. అందాక కూలబడటానికి చోటు లేక సీటు వీపు పట్టుకొన్నది.

"అయితే నీకు..."

"ఎంచుకున్నాక మాట్లాడకూడదు."

"నాన్న రూలు నాన్నతో పోయింది. నోరు తెరిచి అడిగితే ఏం పోయేది నీకు? పుట్టి బుద్ధెరిగాక నువ్వొక్కటి అడగలేదు. నీకేం కావాలో నీ కత్తి చూసి నేను కనిపెట్టుకోవాలి. అదేమో ఇంతకాలం తిన్నగా కోసి, ఈ ఒక్కసారి వంకరగా కోసింది."

"అడిగే వంతు నాకెప్పుడు వచ్చింది?"

ఆమె గొంతు పెంచలేదు. పెంచవలసిన అవసరం లేదు. చెల్లెలు ఉదయపుటెండ పడే తన గదినీ, చిన్నప్పటి ఎండుద్రాక్షలనూ ఒక్కసారే చూస్తున్నట్టు నిలబడిపోయింది. పశువుల డాక్టరు తన చేతులను శ్రద్ధగా పరిశీలించుకొంటున్నారు.

"రాలేదు," అని ఒప్పుకొన్నది చెల్లెలు. "నిజమే. నాకు ఎన్నడూ తట్టలేదు." తర్వాత దుప్పటిని భుజాల మీదికి లాక్కొన్నది. "అయితే ఈసారి నేను కోస్తాను. నువ్వు ఎంచుకో."

"నీకు కోయడం రాదు."

"రాకపోతే వంకర పోతుంది. చూడు మరి. ఒకవైపు ఆ మంచం. దానితో ఒక దుప్పటి, ఒక దిండు. ఇంకోవైపు ఈ ఇరుకు సీటు. దీంతో కిటికీ, ఇంకో దుప్పటి, ఈ డాక్టరుగారు."

"నన్నెందుకమ్మా మధ్యలో," అన్నారు డాక్టరు, ఏమాత్రం బాధపడకుండా.

"భోజనం ఎవరిది వాళ్ళది," అన్నది చెల్లెలు. "తమ్ముణ్ణి నేను కొయ్యను. వాడికి కుడిభుజం ఉంది, ఎడమభుజం ఉంది. ఒక్కరే నిలబడాలని ఆ ఆఫీసువాళ్ళంటే, ఇద్దరం కలిసి ఒక్కరమే అని నేను చెప్తాను. వినేదాకా చెప్తాను. ఇప్పుడు ఎంచుకో."

అక్క నోరు తెరిచింది. ఎన్ని వేల గజాల గుడ్డ కోసిందో, కస్టమర్లకు ఏ రంగు నప్పుతుందో ఎన్నిసార్లు చెప్పిందో. తన కోసం ఒక్క మాట అనవలసి వచ్చేసరికి నాలుక మీద ఎవరో గుండుసూదులు గుచ్చి పెట్టినట్టయింది. నీకేది ఇష్టమైతే అదే అనే మాట వచ్చి పళ్ళ వెనక నిలబడింది. దాన్ని ఆమె మింగేసింది. చెల్లెలు ఎదురుచూస్తున్నది. జీవితంలో మొదటిసారి ఆపరేటరు లైను ఖాళీగా వదిలి, అవతలివారు పలికేదాకా ఊరుకొన్నది.

"అమ్మా, కొంచెం దారి," అన్నది వెనకనుంచి బండి తోసుకొస్తున్న ఎర్ర కోటు.

"ఆగమ్మా. మా అక్క ఎంచుకుంటోంది."

"మంచం," అన్నది అక్క. తర్వాత, సరిగ్గా వినబడలేదేమోనని, ఇంకొంచెం గట్టిగా, "ఆ పడుకొనే సీటు నాకు కావాలి. బొమ్మ చూసినప్పటినుంచీ కావాలి."

చెల్లెలు నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ముందు అక్కకు కోపం తెప్పించి, తర్వాత అంటుకొన్నది. దిండు ఒళ్ళోంచి జారిపోయేదాకా ఇద్దరూ నవ్వారు.

అప్పటికి సిబ్బందిలో పెద్దామె వచ్చింది. సీటు మారడం నిబంధనలకు విరుద్ధమన్నది. అక్క లేచి నిలబడింది. నిలబడితే ఆమె పొడవు విమానం కప్పుదాకా ఉంటుంది.

"మీ నిబంధన ఎందుకు పెట్టారు?"

"తక్కువ సీటు కొన్నవాళ్ళు ఎక్కువ సీటులో కూర్చోకుండా మేడమ్."

"రెండు సీట్లూ మా ఇద్దరివే. రెండిటికీ ఇద్దరం కలిసి డబ్బిచ్చాం. ఒకరు అటు, ఒకరు ఇటు. ఇప్పుడూ ఒకరు అటు, ఒకరు ఇటు. ఎవరి సొమ్ము పోయింది చెప్పండి. కంపెనీదైతే నేను ఇక్కడే కూర్చుంటాను."

పెద్దామె లెక్క తేల్చుకొన్నది. ఎవరి సొమ్మూ పోలేదు.

"ఒక్కసారే," అన్నది. "మళ్ళీ మారతామంటే ఒప్పుకోను."

"మళ్ళీ మారేది లేదు," అన్నది అక్క. ఆ మాట అంటుంటే ఆమెకు ఎంతో హాయిగా ఉన్నది.

నాలుగు మీటల్లో మూడోది నొక్కితే సీటు నెమ్మదిగా పరుచుకొన్నది. అక్క చెప్పులు విప్పి ఒకదాని పక్కన ఒకటి సరిగా పెట్టింది. దుప్పటి అంచు రెండువైపులా సమంగా ఉందో లేదో చూడబోయి, మానేసింది. పడుకొన్నది. కాళ్ళు చాపింది, మడమలు దేనికీ తగలలేదు. ఆమె నడుము ఇన్నేళ్ళ నిలువుకాళ్ళ కొలువునుంచి ఒక్కొక్క పూసా విడుదల చేయించుకొని పరుపు మీదికి దిగింది. పక్క సీటు కిటికీలోంచి ఎండ వచ్చి నుదుటి మీద కూర్చొన్నది. పట్టపగలు. కింద దేశాలకు దేశాలు పనిలో ఉన్నాయి. ఎవరో ఎక్కడో కత్తెర పట్టుకొని నిలబడి ఉంటారు. వాళ్ళకూ ఒకనాటికి ఈ ఎండ అందాలని ఆమె మనసులో గట్టిగా అనుకొన్నది.

తెర వెనకనుంచి చెల్లెలి గొంతు సన్నగా వినవస్తున్నది: "అప్పుడు మీరేం చేశారు డాక్టరుగారూ? ఒక్కరేనా? చీకట్లోనా?" ఆయన కథ ఇంకా దూడ దాకా వచ్చినట్టు లేదు. ఆ ఇద్దరికీ దిగేదాకా మాటలకు కొదవ లేదు.

అక్క నిద్రపోయింది. లేచేసరికి ఎర్ర కోటు అమ్మాయి పక్కన నిలబడి ఉన్నది. చేతిలో సాసరు. అందులో భోజనంతోపాటు వచ్చిన కేకు, రెండు ముక్కలుగా.

"మీ చెల్లెలుగారు పంపించారు మేడమ్. తనే కోశారట. మీరు ఒకటి తీసుకుంటే, రెండోది తీసుకురమ్మన్నారు."

అక్క మోచేతి మీద లేచి సాసరులోకి చూసింది. కత్తి ఎక్కడో మొదలై ఎక్కడో తేలింది. ఒకటి ఇటుకంత, ఇంకొకటి అగ్గిపెట్టెంత. కొట్టులో ఎవరైనా గుడ్డను ఇలా కోసి ఉంటే అదే రోజు ఇంటికి పంపేసేది. ఎండుద్రాక్షలన్నీ ఇటుక మీదే ఉన్నాయి. అవి అక్కడ మొదటినుంచీ ఉన్నవో, ఎవరైనా ఏరి పెట్టినవో ఆమె కన్ను ఇట్టే పట్టేసింది.

"ఏది మేడమ్?" అని అడిగింది ఎర్ర కోటు.

అక్క పెద్ద ముక్క తీసుకొన్నది.